కారు కింద రెండో నట్టు

ఇంజన్ గొంతు చించుకుని అరుస్తోంది. కారు మాత్రం ఉన్నచోటి నుంచి అంగుళం కదలడం లేదు.

అద్దాలమ్మ గేరు మళ్ళీ మొదటికి తెచ్చి, మళ్ళీ రివర్సులో పెట్టి, మెల్లిగా యాక్సిలరేటర్ తొక్కింది. మళ్ళీ అదే అరుపు. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ వచ్చి వాకిలంతా కమ్మేసింది. పక్క మేడ మీద బట్టలు ఆరేస్తున్నావిడ ముక్కు మూసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఇక లాభం లేదని అద్దాలమ్మ ఇంజన్ ఆపేసింది.

పెట్రోలు పోయించుకొద్దామని తీసింది కారుని. రేపు తెల్లారగానే ఆవిడ ఈ కారులోనే ఈ ఇల్లు వదిలి వెళ్ళాలి.

దూరపు ఊళ్ళో కంటి ఆసుపత్రివాళ్ళు కళ్ళద్దాల విభాగం మొత్తం మీ చేతుల్లో పెడతామన్నారు. ఉండటానికి గది కూడా ఇస్తామన్నారు. సగం జీవితం ఒకే షాపులో ఒకరి కింద కూర్చుని లెన్సులు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి, వీధి చేత అద్దాలమ్మ అనిపించుకున్న మనిషికి అది చిన్న కబురు కాదు. ఆ సంగతి భోజనాల దగ్గర చెప్పిన రోజున తమ్ముడు తలెత్తలేదు. మరదలు మంచినీళ్ళకని లేచి వెళ్ళి ఎంతకీ తిరిగి రాలేదు. అప్పటినుంచీ ఆ ఇంట్లో మాటలంటే ఉప్పు అందుకో, తలుపు వెయ్యి, అంతవరకే.

వెళ్ళు అన్నవాళ్ళు లేరు. ఉండు అన్నవాళ్ళూ లేరు. ఆవిడ ఎదురుచూసింది మాత్రం ఆ రెండో మాట కోసమే. ఈ ముక్క ఆవిడని అడిగితే ఒప్పుకోదు గానీ, మీరూ నేనూ ఒప్పుకోవచ్చు. ఆ మాట ఎవరి నోటా రాకపోయేసరికి పంతానికి పెట్టెలు సర్దుకుంది.

అరుపుకి తమ్ముడు బయటికొచ్చాడు. పిల్లలకి లెక్కలు చెప్పే మాస్టారాయన. తల్లి పోయాక అక్కే ఎత్తుకుని తిరిగి, అక్కే బడికి పంపి, అక్కే పెళ్ళి చేసింది. జుట్టు నెరుస్తున్నా ఆవిడ ఎదురుగా నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి ఈ రోజుకీ తెలియదు.

"కదలట్లేదా?" అన్నాడు.

"నువ్వే చూడు."

మాస్టారు వంగి కారు కిందకి చూశాడు. లేచేటప్పటికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నిన్న నువ్వు షాపులో ఉన్నప్పుడు నేనే దీని కిందకి దూరానక్కా."

అద్దాలమ్మ మెట్ల వైపు చూసింది. మెట్ల కింద పాత ప్లాస్టిక్ టబ్బు మీద గోనెసంచి కప్పి ఉంది. పొద్దున్నే చూసింది దాన్ని. మరదలు ఏదో నానబెట్టింది కాబోలు, నాకెందుకులే అనుకుంది. ఇప్పుడు వెళ్ళి సంచి తీసింది. టబ్బు సగానికి మురికి నూనె. దాంట్లో ఆకాశం ముక్క ఒకటి కనిపిస్తోంది.

వెనకాలే మరదలు వచ్చింది. ఆవిడ బేకరీలో కేకుల మీద పేర్లు రాస్తుంది. చేతిలో ఉన్నంత తీపి నోట్లో ఉండదని భర్తే అంటుంటాడు. వదినకీ ఆవిడకీ మొదటినుంచీ ఉప్పూ నిప్పూ. గిన్నె ఎక్కడ బోర్లించాలన్న దగ్గర్నుంచి కిటికీ ఎప్పుడు మూయాలన్న దాకా ఇద్దరిదీ చెరో దారి. టబ్బుని చూసింది, భర్తని చూసింది.

"వదిన వెళ్ళిపోతుందని బండి పాడుచేశారా?" అంది.

మాస్టారు నోరు తెరిచాడు. "పాడుచెయ్యాలని కాదు, నేను..."

"వాణ్ణేమీ అనకు," అంది అద్దాలమ్మ చటుక్కున. "నేనడిగానా వాణ్ణి? అడగలేదుగా. పోయి మేస్త్రిని పిలుచుకురా."

ఆయన ఇంకేదో చెప్పబోయాడు. ఆవిడ వినకుండా మెట్లెక్కి పైగదిలోకి వెళ్ళిపోయింది. పూర్తిగా వింటే ఎక్కడ కాదంటాడో అని భయం. చిన్నప్పుడు ఆవిడ షాపుకి బయల్దేరుతుంటే చెప్పులు దాచేసేవాడు వాడు. బియ్యం డబ్బా వెనకా, పరుపు కిందా, ఒకసారి నీళ్ళ తొట్టిలో. ఇప్పుడు కారు దాచలేక కారు పేగులు తీశాడు. వెర్రివెధవ, నోటితో ఒక్క మాట అంటే పోయేదానికి ఎంత పని చేశాడు అనుకుంది. అనుకుని మంచం మీద కూర్చుని నవ్వుకుంది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

ఎన్నాళ్ళయిందో ఆవిడ మనసు అంత తేలికపడి.

నిజం చెప్పాలంటే ఈ మధ్య ఆ ఇంట్లో ఆవిడ చుట్టంలా బతుకుతోంది. కింద నవ్వులు వినపడితే దిగేది, దిగేసరికి నవ్వు ఆగేది. ఆ ముసలి కారుని కొన్నది కూడా అందుకే. రెండు లక్షల కిలోమీటర్లు దాటేసిన బండిని ఎవరైనా కొంటారా అని వీధంతా నవ్వింది. సెలవురోజున ఒక్కతే ఊరి చివర దాకా నడుపుకుంటూ వెళ్ళి, కాసేపు ఆపి కూర్చుని, వెనక్కి వచ్చేది. ఎక్కడికెళ్ళావని ఇంట్లో ఒక్కరూ అడగలేదు. అడగనందుకే వారం వారం వెళ్ళింది.

ఫోను తీసి కంటి ఆసుపత్రికి చేసింది. ఇంట్లో పరిస్థితి మారిందనీ, తాను రాలేననీ, ఏమీ అనుకోవద్దనీ చెప్పింది. అవతలి మనిషి మర్యాదస్తురాలు. చాలా నొచ్చుకుంది, ఇంకోసారి ఆలోచించమంది. ఆలోచించేశానండీ అని అద్దాలమ్మ నవ్వుతూ పెట్టేసింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్న రకం కాదు ఆవిడ, మామూలుగా అన్నీ నలుగురినీ అడిగే చేస్తుంది. ఈ ఒక్కటీ ఎవర్నీ అడగలేదు.

తర్వాత పెట్టె మూత తీసి, మడతపెట్టిన బట్టలు ఒక్కొక్కటే బీరువాలో పెట్టడం మొదలుపెట్టింది.

మేస్త్రి మధ్యాహ్నానికి వచ్చాడు. వీధిలో ఆయన పేరు రేపటి మేస్త్రి. ఏ బండి తీసుకెళ్ళినా రేపు రండి అంటాడు గనక ఆ పేరు స్థిరపడింది. అలాంటివాడు ఇవాళ పిలిస్తే ఇవాళే వచ్చాడంటే మాస్టారు ఎంత బతిమాలుకున్నాడో ఊహించుకోవచ్చు.

అద్దాలమ్మ కిందకి దిగి మెట్ల మీద కూర్చుంది. అందరికీ టీ కూడా తనే పెట్టి తెచ్చింది. ఆవిడ మొహంలో కళ చూసి మరదలు అనుమానంగా ఒకసారి తేరిపార చూసింది గానీ ఏమీ అడగలేదు.

మేస్త్రి ముందు ఇంజన్ నూనె చూసే పుల్ల లాగాడు. నూనె గుర్తు దాటి బెత్తెడు పైకి ఉంది. ఇంత పోసిందెవరని అడిగితే మాస్టారు నేనే అన్నాడు. తర్వాత మేస్త్రి మెట్ల కింద టబ్బు దగ్గరికెళ్ళి వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య రాసి, వాసన చూశాడు.

"మాస్టారూ, కింద రెండు నట్లుంటాయి. మీరు వెనకది విప్పారు," అన్నాడు.

సంగతి ఇదీ. ముందు నట్టు విప్పితే ఇంజన్ నూనె దిగుతుంది. వెనక నట్టు విప్పితే గేరు పెట్టె నూనె దిగుతుంది. రెండూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. మాస్టారు ఫోనులో వీడియో చూస్తూ కిందకి దూరి, వెనకది విప్పి, అదే ఇంజన్ నూనె అనుకుని మొత్తం దించేశాడు. నట్టు బిగించి, కొత్త నూనె తెచ్చి ఇంజన్లో పోశాడు. ఇంజన్లో పాత నూనె ఉండనే ఉంది, దాని మీద కొత్తది. అక్కడ పొంగి పొర్లుతోంది, ఇక్కడ గేరు పెట్టె ఎండిపోయింది. ఇది గేర్లు తనే మార్చుకునే బండి. అలాంటి బండి నూనె ఒత్తిడి మీదే కదులుతుంది. నూనె లేకపోతే ఇంజన్ ఎంత అరిచినా చక్రానికి వినపడదు.

వెంటనే ఆపేశారు గనక బతికిపోయింది, ఇంకాసేపు తొక్కి ఉంటే లోపల మాడిపోయేదన్నాడు మేస్త్రి.

అద్దాలమ్మ మనసు ఇంకా ఆ పొరపాటు సంగతి మీదికి పోలేదు. తమ్ముడు కావాలనే చేశాడన్న ధీమాలోనే ఉంది. వాణ్ణి కాపాడుకోవాలన్న తొందరలో తనే అంది.

"పోనీలెండి మేస్త్రీ. వాడికి నన్ను పంపడం ఇష్టం లేదు. అందుకని ఏదో ఒకటి పీకేశాడు."

మేస్త్రి అయోమయంగా చూశాడు. బానెట్టు కిందకి వంగి ఒక డబ్బా మూత తీసి చూపించాడు. రేడియేటర్ నీళ్ళు ఆకుపచ్చగా నిగనిగలాడుతున్నాయి, కొత్తవి. పక్కన బ్రేకు నూనె చూపించాడు. నిన్న మొన్నటిదాకా టీ డికాషన్ రంగులో ఉండేదట, ఇప్పుడు తేనె రంగులో ఉంది. అద్దం కడిగే నీళ్ళు కూడా అంచు దాకా ఉన్నాయి.

"పాడుచెయ్యాలనుకున్నవాడు ఇవన్నీ మారుస్తాడా అమ్మా? మాస్టారు మీ ప్రయాణానికి బండి సిద్ధం చేశారు. ఒక్క నట్టు దగ్గర పొరపాటు పడ్డారు, అంతే."

టీ గ్లాసు అద్దాలమ్మ చేతిలో అలాగే ఉంది.

ఆవిడ తమ్ముడి వైపు చూసింది. మాస్టారు తప్పు లెక్క చేసి దొరికిపోయిన పిల్లాడిలా నేల చూపులు చూస్తున్నాడు. వెళ్ళొద్దని కాదు వాడు చేసింది. దారిలో ఎక్కడా ఆగకుండా వెళ్ళిపోవాలని చేశాడు.

మేస్త్రి ముందు నట్టు విప్పి ఇంజన్లో ఎక్కువైన నూనె దించాడు. గేరు పెట్టెకి సరిపడే నూనె తెప్పించాడు. పోసేముందు ఒక మాట అన్నాడు. ఇంత తిరిగిన బండికి గేరు నూనె మార్చకూడదని కొందరంటారు, పాత మురికే లోపల పట్టు ఇస్తుందని, అది పోతే గేరు జారుతుందని. మిషను పెట్టి మొత్తం కడిగేస్తే అది నిజమే కావచ్చు. కింద నట్టు నుంచి దించితే కొంతే వస్తుంది, కొంత లోపలే ఉండిపోతుంది. కొత్తదీ పాతదీ కలిసి సర్దుకుంటాయి, భయం లేదు. పొయ్యమంటారా అని ఆవిడని అడిగాడు.

ఆవిడ టీ గ్లాసు మెట్టు మీద పెట్టింది.

"పోయండి," అన్నాడు మాస్టారు. "రేపు పొద్దున్నే అక్క బయల్దేరాలి."

మేస్త్రి గరాటూ నూనె డబ్బా ఆయన చేతికిచ్చి, కొలత పుల్ల తుడిచే గుడ్డ వెతుక్కుంటూ గేటు బయట స్కూటరు దగ్గరికి వెళ్ళాడు. మరదలు ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. వాకిట్లో అక్కా తమ్ముడూ మిగిలారు. సన్నని ధారగా ఎర్రటి నూనె గరాటులోంచి దిగుతోంది.

"ఎందుకు చేశావురా ఇదంతా?"

"దూర ప్రయాణం కదా. ఒక్కదానివే. మధ్యలో ఆగిపోతే ఎవరున్నారు నీకు?"

ఆ చివరి మాట ఎంత లోతుగా దిగిందో వాడికి తెలియదు.

"నాకు చెప్పి చెయ్యొచ్చుగా."

"చెబితే చెయ్యనిస్తావా? నీకెందుకురా, చెయ్యి కోసుకుంటావంటావు." ధార తగ్గకుండా డబ్బా ఇంకాస్త వంచాడు. "నీకోసం నా అంతట నేను చేసిన పని ఇదొక్కటే అక్కా. ఇది కూడా తప్పే చేశాను."

గేటు బయట మేస్త్రి దగ్గు వినిపించింది.

"ఉండమని ఒక్కసారైనా అనాలనిపించలేదా నీకు?"

మాస్టారు గరాటు సరిచేసి పట్టుకున్నాడు.

"అంటే ఉండిపోతావు కదక్కా. అదే భయం వేసింది."

"ఎవరికోసం భయం? నాకోసమా, నీకోసమా?"

నాకోసమే అనడానికి ఎవరికైనా ధైర్యం కావాలి. నీకోసం అని అబద్ధమాడటం ఎంత తేలిక. మాస్టారు గరాటులోకి చూస్తూ నిలబడ్డాడు. డబ్బా ఖాళీ అయ్యాక కింద పెట్టాడు.

"నాకోసమే," అన్నాడు. "నువ్వున్నంతకాలం ఈ ఇంట్లో నేను చిన్నవాణ్ణేనక్కా. నాకు జ్వరమొస్తే నీ మరదలు మాత్ర ఎక్కడుందో నన్నడగదు, నిన్నడుగుతుంది. నాకేదైనా చేతనవునో కాదో నాకే తెలియదు. చెడ్డగా అనుకోకు."

"అనుకోనులే," అంది అద్దాలమ్మ.

అనుకోలేదు కూడా. వాడు చెప్పింది నిజమేనని ఆవిడకి తెలుసు. తెలిసినంత మాత్రాన నొప్పి తగ్గదు. ఇన్నాళ్ళూ వాణ్ణి మోస్తున్నాననుకుంది, వాడు దిగాలనుకుంటున్నాడని తట్టలేదు.

మేస్త్రి వచ్చి ఇంజన్ వేయించాడు. గేరు అన్ని గుర్తుల మీదుగా ఒకసారి తిప్పించి, నూనె వేడెక్కాక పుల్ల చూసి, ఇంకొంచెం పోయించి, వీధి చివర దాకా నడిపి రమ్మన్నాడు. అద్దాలమ్మ రివర్సులో పెట్టింది. కారు ఒక్క క్షణం ఆలోచించి, మెత్తగా వెనక్కి జరిగింది. జారలేదు, కుదపలేదు. గేటు దగ్గర మాస్టారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

వీధి చివర దాకా వెళ్ళి వచ్చిన ఆ కాస్త దారిలోనే ఆవిడ ఒక నిర్ణయానికొచ్చింది. వెళ్ళాలి. ఉండమని ఎవరూ అనని ఇంట్లో ఉండటం ఒక ఎత్తయితే, ఉంటుందేమోనని భయపడే ఇంట్లో ఉండటం ఇంకో ఎత్తు. కారు ఆపి, ఇంజన్ వేడి చల్లారకముందే పైకి వెళ్ళి ఫోను అందుకుంది.

పొద్దున మాట్లాడినావిడే ఎత్తింది. అద్దాలమ్మ తన పేరు చెప్పి, తొందరపడ్డాననీ, పరిస్థితి చక్కబడిందనీ, అనుకున్నట్టే రేపు వచ్చేస్తాననీ చెప్పింది. తర్వాత ఆ మర్యాదస్తురాలు ఎంతో నొచ్చుకుంటూ చెప్పింది. మీరు రానన్నాక మీ తర్వాత అనుకున్నావిడ ఈ ఊరావిడే, వెంటనే కబురు పంపామండీ, ఆవిడ ఒప్పుకున్నారు, గది తాళాలు కూడా ఇచ్చేశాం. పొద్దున మీరు కాస్త ఆలోచించి ఉంటే బాగుండేది.

"అంటే ఇక నేను రావడానికి లేదాండీ?" అంది అద్దాలమ్మ. "ఇంకేదైనా పని అయినా... ఏదైనా చేస్తాను."

లేదన్నారు. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగింది.

గుమ్మంలో మరదలు నిలబడి ఉంది, ఆ చివరి మాటలు విన్నట్టుంది. పెట్టెలు కిందకి చేరవేద్దామని వచ్చింది. సగం ఖాళీ అయిన పెట్టెనీ, బీరువాలోకి తిరిగి ఎక్కిన బట్టలనీ, వదిన చేతిలో ఫోనునీ చూసింది. అర్థం కావడానికి ఆవిడకి ఎక్కువసేపు పట్టలేదు. నోరు విప్పబోయింది. అద్దాలమ్మ వద్దన్నట్టు తల ఊపింది. ఇద్దరూ మాట్లాడకుండా బీరువాలోంచి బట్టలు తీసి మళ్ళీ పెట్టెలో సర్దారు. గిన్నె ఎక్కడ పెట్టాలన్నా పోట్లాడుకునే ఆ ఇద్దరూ ఒక్క మడత దగ్గర కూడా మాటా మాటా అనుకోలేదు.

కింద మాస్టారు డిక్కీ తెరిచి సిద్ధంగా ఉన్నాడు. చేతులు నూనె, చొక్కా నూనె, మొహం మాత్రం వెలిగిపోతోంది. పెద్ద పెట్టె అందుకుని లోపల అడ్డంగా పెట్టాడు. ఎండ ముదరకముందే సగం దారి దాటేయాలనీ, దారిలో రెండుసార్లు ఆపి ఇంజన్ వేడి చూసుకోమనీ చెప్పాడు. అక్కకి ఆయన జాగ్రత్తలు చెప్పడం అదే మొదటిసారి. ఆవిడ అన్నింటికీ సరే సరే అంది.

"రేపు ఎన్నింటికి బయల్దేరతావక్కా?"

మరదలు రెండో పెట్టె పట్టుకుని వదిన వైపే చూస్తోంది.

"తెల్లారగానే," అంది అద్దాలమ్మ.

మాస్టారు డిక్కీలో చోటు సర్ది, ఆ పెట్టె ఇలా ఇవ్వమని భార్య వైపు చేతులు చాచాడు. ఆవిడ ఇవ్వలేదు.